సీసా మీద రాసిన జంతువు

పింకమ్ కొండ,
ఏప్రిల్ 24, 2016

అక్కా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళద్దాలు లేకుండా చదివితే కోపం కొంచెం తక్కువగా కనిపించింది.

నువ్వు రాసిందాంట్లో అబద్ధం లేదు. పోయిన జూన్‌లో మన రాతిగోడ మీద కూర్చున్నావు. పిడుదు కరిచింది. దాంతో లైమ్ అనే జబ్బు పట్టుకుంది. మోకాలు గుమ్మడికాయంత అయింది. వేసవి అంతా పోర్ట్‌లాండ్‌లో మూడో అంతస్తు కిటికీ దగ్గర కుర్చీలో గడిపావు. కొట్టం కింద కాపురం పెట్టిన నక్కలే ఆ పిడుదుల్ని తెచ్చాయన్నావు. అవి పోయేదాకా ఇక్కడ అడుగుపెట్టనన్నావు. అక్టోబరులో ఆపిల్ గుజ్జు వండడానికి కూడా రానన్నావు. అమ్మ పోయిన ఏడు నుంచీ ఆ రాగి కాగు దగ్గర ఇద్దరమే. నేను ఒక్కణ్ణీ కలిపితే అడుగంటుతుంది.

నలభై శీతాకాలాలు నక్కలకు ఉచ్చులు వేసినవాణ్ణి. ఇది నాకు పెద్ద పనేం కాదు. తుపాకీకి నూనె పెట్టాను. చేతిలో నూనె మిగిలింది గదా అని తలుపు బందులకి పెట్టాను. తర్వాత బావి గిలకకి పెట్టాను. ఆ తర్వాత సాయంత్రమైపోయింది.

ముసలి కుక్క వెనక కాలు ఈడుస్తోంది. తోక మీద బొచ్చంతా ఊడింది. ముందు దాన్ని వేసేస్తే మిగతా పని సులువవుతుందని అనుకుంటున్నాను.

మొన్న విశ్వవిద్యాలయం నుంచి ఒకావిడ వచ్చింది. మిస్ ఒలెట్ అట. నక్కల ఒంటి మీద పిడుదుల్ని లెక్కపెట్టే ఉద్యోగం. పాత వేటగాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. కారు దిగడం చూసి నేను కట్టెల పేర్పు వెనక్కి వెళ్ళాను. నక్కల గురించి అడగడానికి వచ్చిన మనిషిని చూసి నేనే నక్కాను. డెబ్బై ఎనిమిదేళ్ళు నాకు. ఆవిడ గుమ్మంలో ఓ ఉత్తరం, పిడుదుల్ని వేసి పంపడానికి స్పిరిట్ పోసిన చిన్న సీసాలూ, చీటీలూ పెట్టి వెళ్ళింది. ఏ జంతువు, ఏ చోటు, ఏ తేదీ అని చీటీ మీద రాయాలి. పోతూ పోతూ కట్టెల వైపు తిరిగి, "థాంక్సండీ" అంది.

ఫోను మాత్రం చెయ్యకు. ఎత్తితే నాకు మాట రాదు. నువ్వు మూడుసార్లు హలో అని, నేను పోయాననుకుని పక్కింటివాళ్ళని పంపిస్తావు. పోయినసారి వాళ్ళు పార కూడా తెచ్చుకున్నారు.

నీ తమ్ముడు,
థర్లో


పోర్ట్‌లాండ్,
ఏప్రిల్ 29

ఒరేయ్ థర్లో,

నీకు మతి ఉందా? నక్కల్ని చంపమని నేను రాస్తే నువ్వు హెక్టర్ని చంపుతావా? పదకొండేళ్ళుగా నీ మంచం కింద పడుకున్న కుక్కరా అది! చెరువు మీద మంచు విరిగి నువ్వు నడుం దాకా దిగిపోయిననాడు నీ కోటు పట్టి లాగింది ఎవరు? కాలు ఈడిస్తే వేసేస్తావా? నేనూ పోయినేడు కాలు ఈడ్చాను. అదృష్టవశాత్తూ నీకు నూట ఇరవై మైళ్ళ దూరంలో ఉన్నాను.

ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు నడిపినదాన్ని. ఊళ్ళోవాళ్ళ రాత చూసి వాళ్ళ బుద్ధి చెప్పేదాన్ని. సొంత తమ్ముడిలో ఇంత రాయి ఉందని పట్టుకోలేకపోయాను.

కీళ్ళ నొప్పులకి కుక్కలకిచ్చే బిళ్ళలు పంపుతున్నాను. రోజుకొకటి, జున్నుముక్కలో పెట్టి ఇవ్వు. దాని జోలికి వెళ్ళావంటే అక్టోబరు మాట దేవుడెరుగు, నా చావుకి కూడా నిన్ను పిలవను.

నక్కల పని మాత్రం కానియ్యి.

ఏవిస్


పింకమ్ కొండ,
మే 16

అక్కా,

తప్పు నాదే. ఉచ్చులు వేసేవాళ్ళు మగనక్కని కుక్క అంటారు. నాన్న అలాగే అనేవాడు, నాకూ అదే నోట్లో ఉండిపోయింది. నేను రాసిన ముసలి కుక్క కొట్టం కింది మగనక్క. హెక్టర్ బాగున్నాడు. నీ బిళ్ళలు జున్నుతో తింటున్నాడు. ఒకరోజు నేనూ రెండు వేసుకుని చూశాను. పెద్ద తేడా తెలియలేదు. జున్ను బాగుంది.

మగనక్కని నేను వేసేయలేదు. ఆ పని నాకు తప్పిస్తూ పాలలారీ చేసింది. దారి పక్కన పడి ఉంటే తెచ్చాను. చెవుల వెనక దువ్వి పిడుదుల్ని తీశాను, పద్నాలుగు. సీసాలో వేసి, చీటీ రాసి పంపాను. హెక్టర్నీ దువ్వి ఇంకో సీసా పంపాను. మిస్ ఒలెట్‌కి నేను చేసిన మర్యాద అంతే.

ఇప్పుడు ఆడనక్క ఒక్కతే ఉంది, అయిదు పిల్లలతో. పగలే వేటకి వెళ్తోంది, రాత్రి ఒక్కటే చాలడం లేదు కాబోలు. వచ్చేటప్పుడు నోట్లో ఒకటి కాదు, నాలుగైదు ఎలుకలు. రెండు వైపులా తోకలు వేలాడుతుంటాయి. దూరం నుంచి చూస్తే మీసాలున్న పెద్దమనిషి నడిచొస్తున్నట్టు ఉంటుంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. బొచ్చుకి గిరాకీ ఉన్న రోజుల్లో, ఒక్క శీతాకాలంలో నలభై ఒక్క నక్కల్ని పట్టాను. పేపర్లో నా ఫోటో వేశారు, నువ్వే కత్తిరించి పోస్టాఫీసు గోడకి అంటించావు. ఆ మరుసటేడు ధాన్యం గదిలో, మంచంలో, అమ్మ ప్రార్థన పుస్తకంలో కూడా ఎలుకలే. నేను పిల్లుల్ని తిట్టాను. ఎవర్ని తిట్టాలో తెలుసుకోడానికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

వాగు ఒడ్డున ఫెర్న్ చిగుళ్ళు కోసుకొచ్చాను. వెన్నలో వేయించుకున్నాను. రెండోసారి వడ్డించుకుంటుంటే నువ్వు లేవని తెలిసింది.

తుపాకీ తలుపు పక్కనే ఉంది.

థర్లో


పోర్ట్‌లాండ్,
మే 23

ఒరేయ్ థర్లో,

హెక్టర్ సంగతి విని మనసు కుదుటపడింది. మగనక్కని కుక్క అంటే ఆడనక్కని ఏమంటారు, అత్తగారనా? ఇలాంటి మాటలు నాకు రాసేటప్పుడు మామూలు మనుషుల భాషలో రాయి.

మీసాల కబుర్లు చెప్పి నన్ను మెత్తబరచకు. నక్క పిడుదులకి ఊళ్ళు తిరిగే బండి. అడవిలో ఎక్కించుకుంటుంది, మన గుమ్మంలో దింపుతుంది. ఒక్కదాని మీదే పద్నాలుగు తీశానని నువ్వే రాశావు. నీకు నక్క పిల్లలు కనబడుతున్నాయి, నాకు నా మోకాలు కనబడుతోంది. డాక్టరు సూది పెట్టి నీళ్ళు లాగుతుంటే నేను అరిచిన అరుపుకి కింది అంతస్తువాళ్ళు వచ్చారు. ఎనభై ఒక్క ఏళ్ళకి మళ్ళీ నడక నేర్చుకున్నానురా. ఇంకోసారి నేర్చుకునే ఓపిక లేదు.

నీ మీద కోపం నాకు లేదు, నా మోకాలికి ఉంది. అది చెప్పిన మాట నేను వినాలి. నక్కల్ని వేసేస్తావా, అవునో కాదో ఒక్క ముక్క రాయి. ఆ నక్కలు అక్కడుంటే అక్టోబరులో కాగు నువ్వే కలుపుకో.

గడ్డిలోంచి రాగానే ఒళ్ళు చూసుకో. చంకలు, నడుము, మోకాళ్ళ వెనక. సిగ్గుపడకు, నిన్నెవరూ చూడరు.

ఏవిస్


పింకమ్ కొండ,
జూన్ 21

అక్కా,

ఒక్క ముక్క రాయమన్నావు. కాదు.

ప్రయత్నించలేదనుకోకు. పోయిన గురువారం కొట్టం ఎదుట బల్ల మీద కూర్చున్నాను, తుపాకీతో. ఆడనక్క బయటికొచ్చింది. ఇరవై అడుగులు కూడా లేదు. నన్ను చూసి నిలబడింది. తుపాకీ ఎత్తడానికని చెయ్యి లేపాను, ఆ చెయ్యి టోపీ తీసింది. చర్చిలో ఆడవాళ్ళు ఎదురైతే తీస్తాం చూడు, అలా. ఎందుకు తీసిందో ఆ చేతినే అడగాలి. నక్క వెళ్ళిపోయింది. నేను టోపీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నలభై ఒక్క నక్కల వేటగాడు.

ఉత్తరం ఆలస్యమైంది. వారంపాటు ఒళ్ళు వెచ్చగా ఉంది, మెడ బిగిసింది. గడ్డి కోసినందుకు అయ్యుంటుంది. మనిషిని పెట్టుకుని కోయించుకోవచ్చు గానీ, వచ్చినవాడితో మాట్లాడాలి.

మిస్ ఒలెట్‌కి మూడో సీసా కూడా పంపాను. దాని మీద ఏం రాశానో నీకు చెప్పను, నవ్వుతావు.

గీతల్లేని కాగితం. వరస పక్కకి పోతోంది. మన్నించు.

థర్లో


పోర్ట్‌లాండ్,
జూన్ 27

థర్లో,

నీ "కాదు" అందింది. నేనూ రాను.

ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. రాత కొండ దిగుతున్నట్టు ఉంది. వారం ఒళ్ళు వెచ్చగా ఉందంటావు. మూడో సీసా అంటావు, నవ్వుతావంటావు. నక్కకి టోపీ తీశానంటావు. ఒరేయ్, తాగుతున్నావా? మన నాన్న రాత కూడా చివరి రోజుల్లో ఇలాగే కుడి వైపు జారేది. పోస్టాఫీసులో ఇలాంటి కవర్లు చాలా చూశాను.

ఒంటరిగా ఉన్నవాడు సీసా పట్టుకోవడం వింత కాదు. కానీ నువ్వు పట్టుకుంటే నేను ఒప్పుకోను.

ఏవిస్


పింకమ్ కొండ,
జులై 15

అక్కా,

తాగడం లేదు. తాగుదామన్నా కుదరదు, ఎడమ వైపు నుంచి కారిపోతుంది. కాఫీ కూడా అంతే. రెండు వారాలుగా నా ముఖం సగం సెలవులో ఉంది. ఎడమ పెదవి కదలదు, ఎడమ కన్ను మూసుకోదు. కిటికీ దగ్గర పడుకుంటే చలిగాలి కొట్టి ఉంటుంది. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో సగం మనిషి నవ్వుతున్నాడు, మిగతా సగం వాణ్ణి నమ్మడం లేదు.

ఇంకో ఘోరం జరిగింది. శనివారం చర్చిలో బీన్స్ భోజనం. ఎదురుగా మిసెస్ థిబొడో కూర్చుంది. నేను కళ్ళార్పితే కుడి కన్నే మూసుకుంటుంది గదా. ఆవిడకి అది కన్ను కొట్టినట్టే కనిపించింది. భోజనమంతా కొడుతూనే ఉన్నాను. చివరికి ఆవిడ లేచి వచ్చి, "థర్లో, నలభై ఏళ్ళ కింద కొట్టాల్సింది, ఇప్పుడు నాకు షుగరుంది" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. టోపీ అక్కడే మర్చిపోయి వచ్చేశాను. ఇంకా తెచ్చుకోలేదు.

నువ్వు నవ్వడానికి మరోటి. మిస్ ఒలెట్ ఉత్తరం వచ్చింది. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, మీరు పంపిన మూడు సీసాలకు కృతజ్ఞతలు. 'కుక్క' అని రాసిన సీసాలో పద్నాలుగు పిడుదులున్నాయి. వాటిలో రెండింట్లో లైమ్ క్రిమి ఉంది. మీ పెంపుడు కుక్కకి టీకా వేయించండి. 'హెక్టర్' అని రాసిన సీసాలో మూడున్నాయి, క్రిమి లేదు. అయితే హెక్టర్ అనే జంతువు మా జాబితాలో కనబడలేదు, దయచేసి తెలపండి. 'మేక' అని రాసిన సీసాలో ఒక్కటే ఉంది. కడుపు నిండా రక్తం తాగింది. అందులో క్రిమి ఎక్కువగా ఉంది. మీ మేక కుంటుతోందా? మేత సరిగ్గా తింటోందా? వెంటనే పశువైద్యుడికి చూపించండి."

చూశావా. నక్కని కుక్క చేశాను, కుక్కని కొత్త జంతువుని చేశాను. మూడోది నా మోకాలి వెనక దొరికింది, చిగుళ్ళు కోసి వచ్చిన రెండు రోజులకి. ఏ జంతువు అని చీటీ అడుగుతుంటే, ఆడమనిషి చదువుతుంది గదా, నా మోకాలి సంగతి ఎలా రాయను? బడిలో చొక్కా కాలరు నములుతూ కూర్చుంటానని నువ్వు నాకు పెట్టిన పేరు గుర్తొచ్చింది. అదే రాశాను.

మేక మేత బాగానే తింటోంది. కుడి వైపు నుంచి.

థర్లో


పోర్ట్‌లాండ్,
జులై 18

ఒరేయ్ మేకా,

నవ్వలేదు.

ఆ ముఖం చలిగాలి కాదు. నాకు మోకాలికి వచ్చిందే నీకు ముఖానికి వచ్చింది. తాగుతున్నావని రాసిన చేత్తోనే రాస్తున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఉత్తరం అందిన మర్నాడు నేను అక్కడ ఉంటాను. సంచీ సర్దాను. మనం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, పశువుల డాక్టరు దగ్గరికి కాదు.

నక్కలున్నా సరే. కట్టెల వెనక వెతికించుకోకు.

అక్క


పింకమ్ కొండ,
సెప్టెంబరు 12

అక్కా,

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. మందు బిళ్ళలు ఎప్పుడో పూర్తయ్యాయి. ముఖం రెండో సగం పనిలోకి తిరిగొచ్చింది. నిన్న చర్చికి వెళ్ళి టోపీ తెచ్చుకున్నాను. మిసెస్ థిబొడో నా రెండు కళ్ళూ మూసుకోవడం చూసి, "ఓహో, అయిపోయిందా" అంది. కొంచెం నిరాశగానే అన్నట్టు అనిపించింది, లేదా నేనే గొప్పగా అనుకున్నానేమో.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నువ్వు ఉన్నప్పుడు మిస్ ఒలెట్ వచ్చిన రోజు నేను నిద్రపోతున్నానని ఆవిడకి చెప్పావు. పడుకున్నాను గానీ నిద్ర లేదు. కిటికీ తెరిచి ఉంది. ఆవిడకి ఎదురుపడకుండా ఉండటానికి ఇంతకన్నా మర్యాదైన దారి దొరకలేదు.

నువ్వు అడిగావు, "ఇంతకీ ఆ నక్క ఉండాలా, పోవాలా?"

"తెలీదండీ" అంది ఆవిడ.

"తెలీదని చెప్పడానికా అంత చదువు?"

"తెలీదని తెలుసుకోడానికే పదేళ్ళు పట్టిందండీ. పిడుదు గుడ్డులోంచి వచ్చినప్పుడు దానిలో ఈ క్రిమి ఉండదు. మొదటి భోజనం ఎక్కువగా చిట్టెలుక మీద చేస్తుంది, అక్కడ అంటుకుంటుంది. నక్క ఆ ఎలుకల్ని తింటుంది. నక్క తిరిగే చోట మిగిలిన ఎలుకలు కూడా బయటికి రావడానికి భయపడతాయి. అది మంచిదే. కానీ నక్క పెద్ద పిడుదుల్ని మోసుకొస్తుంది. క్రిమి కూడా దానిలో కొంత దొరుకుతోంది. రెండు వైపులా కలిపి చూస్తే ఎటు మొగ్గుతుందో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు."

"మరి మా వాణ్ణి కరిచింది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మీ మేకనా అండీ?"

ఇద్దరూ నవ్వారు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

అప్పుడే ఆడనక్క పెరట్లోంచి వచ్చినట్టుంది. నువ్వు "అయ్యో, మా పాత పోస్టు ఇన్‌స్పెక్టరే! అవే మీసాలు" అన్నావు. సాయంత్రం నాతో ఒకటే అన్నావు, "తలుపు దగ్గర తుపాకీ తుప్పు పడుతోంది, లోపల పెట్టు." పెట్టాను. నక్క మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంకొకటి కూడా విన్నాను. వినకుండా ఉండాల్సింది. మిస్ ఒలెట్ నిన్ను, "మీరిక్కడే ఉండిపోవచ్చు గదా, మీ తమ్ముడు ఒక్కరే ఉన్నారు" అంది. నువ్వు, "వాడు అడగడమ్మా. పుట్టినప్పటి నుంచీ ఏదీ అడగలేదు. ఒక్కసారి నోరు విప్పి అడిగి ఉంటే మా ఆయన పోయిన ఏడే వచ్చేసేదాన్ని" అన్నావు.

మీ ఆయన పోయి పద్నాలుగేళ్ళు. ఈ పద్నాలుగేళ్ళూ, నీకు పట్నం ఇష్టమని నేను అనుకుంటున్నాను.

నక్క పిల్లలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. ఆడనక్క ఒక్కతే తిరుగుతోంది. రాతిగోడ పక్కన నువ్వు నడిచే దారి అంతా గడ్డి కొట్టేశాను. ఎండుటాకులు ఊడ్చేశాను. గోడ మీద కూర్చోకుండా కుర్చీ ఒకటి చేశాను. ఒక కాలు పొట్టి. కింద చెక్కముక్క పెట్టాను. ఆపిల్స్ రంగు తిరిగాయి. కాగు వెనిగర్‌తో తోమాను.

మిస్ ఒలెట్ కొత్త సీసాలు ఇచ్చి వెళ్ళింది, మనుషులవి కూడా పంపొచ్చట. ఒకటి మేడ మీద నీ గదిలో మంచం పక్కన పెట్టాను. చీటీ రాసి నీకు పంపుతున్నాను. ఈసారి సరిగ్గానే రాశాను, చూడు.

జంతువు: అక్క
చోటు: పింకమ్ కొండ
తేదీ:

తేదీ నేను వెయ్యలేదు. నువ్వే వెయ్యి. ఇది అడగడమే.

మేక


పోర్ట్‌లాండ్,
సెప్టెంబరు 19

ఒరేయ్,

చీటీ తిప్పి పంపుతున్నాను. తేదీ వేశాను. వెళ్ళే తేదీకి చీటీలో చోటు లేదు, అది బాగుంది.

జంతువు: అక్క
చోటు: పింకమ్ కొండ
తేదీ: అక్టోబరు 7 నుంచి

బస్సు నాలుగింటికి. ఈసారి సంచీ కాదు, పెట్టెలు. మొయ్యడానికి కట్టెల ముందుకి రా.

ఏవిస్